గ్రైండరు అమ్మిన డబ్బు

2025 మే నెలలో నా బ్యాంకు ఖాతాకు తాళం పడింది. నేనెవరినీ మోసం చేయలేదు. నన్ను మోసం చేయబోయినవాళ్ళను గుర్తుపట్టి దూరం పెట్టాను కూడా. వస్తువు ఉన్నది ఉన్నట్టు చూపించాను, న్యాయమైన ధర అడిగాను, డబ్బు ఖాతాలో పడ్డాకే వస్తువు ఇచ్చాను. ఆ డబ్బే నన్ను పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కించింది. ఫోన్లో పాత సామాన్లు అమ్ముకునేవాళ్ళందరికీ డబ్బు ఎగ్గొట్టే దొంగలంటే భయం. పైసా బాకీ లేకుండా చెల్లించే దొంగ కూడా ఉంటాడని మాకు చెప్పినవాళ్ళు లేరు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ధర్మపురి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. 1965లో సేలం జిల్లా నుంచి ధర్మపురిని విడదీశారు, 2004లో ధర్మపురి నుంచి కృష్ణగిరిని విడదీశారు. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే హోసూరు వైపంతా అటు పోయింది, మాలాంటి కుటుంబాలు కొన్ని ఇటు మిగిలాయి. బడిలో చదివింది తమిళమే. తెలుగు అక్షరాలు మా అవ్వ నేర్పింది. మా ఆయన లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. నేను ఇంటి ముందు గదిలో దోశపిండి అమ్ముతాను. పొద్దున ఇళ్ళవాళ్ళు వచ్చి పొట్లాలు పట్టుకుపోతారు, సాయంత్రం టిఫిన్ బళ్ళవాళ్ళు డబ్బాల్లో పోయించుకుంటారు. కూతురు సేలంలో నర్సింగ్ చదువుతోంది.

నేను అమ్మింది ఇరవై లీటర్ల టిల్టింగ్ గ్రైండరు, కోయంబత్తూరు తయారీ. టిఫిన్ బళ్ళు ఎక్కువగా ఉన్న రోజుల్లో కొన్నది. రెండు పెద్ద బేరాలు పోయాక అంత మిషన్‌తో పని లేకపోయింది, చిన్నది సరిపోతోంది. స్టీలు డ్రమ్ము, లోపల తిరిగే రాళ్ళు, పక్కన మోటారు, దానికి బెల్టు. పిండి మెదిగాక పక్కనున్న పిన్ను లాగి డ్రమ్మును వంచితే పిండంతా గిన్నెలోకి జారుతుంది. మా మిషన్లో ఆ పిన్ను కాస్త అరిగిపోయింది. వంచేటప్పుడు ఎడమచేత్తో డ్రమ్ము అంచు పట్టుకోకపోతే దభాలున ఒరుగుతుంది. ప్రకటనలో ఆ సంగతి కూడా రాశాను. కొనేవాళ్ళ వేళ్ళు నలిగితే ఆ పాపం నాకెందుకు? ఇరవైనాలుగు వేలు అడిగాను. కూతురి కాలేజీ ఫీజుకు అదే ఆధారం.

ప్రకటన పెట్టగానే మొదట ఫోన్ చేసినవాడు మిలిటరీ ఆఫీసరునన్నాడు. హిందీలో మాట్లాడాడు. మా ఆయన లారీ పుణ్యమా అని నాకు హిందీ కొంచెం అర్థమవుతుంది. బెంగళూరులో తమ యూనిట్ ఉందట, మెస్సుకు గ్రైండరు కావాలట. ధర గురించి ఒక్క మాట లేదు. మోటారు ఎన్ని హార్స్‌పవరో కూడా అడగలేదు. వాట్సాప్‌లో యూనిఫాం వేసుకున్న ఫొటో, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు వరసగా పంపాడు. మిలిటరీ బండి వచ్చి తీసుకెళ్తుందన్నాడు. డబ్బు మాత్రం ఆర్మీ పద్ధతిలోనే వస్తుందట. ముందు తాను పంపే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి ఐదు రూపాయలు వేయాలి, తిరిగి పది రూపాయలు వస్తాయి, అప్పుడు ఖాతా సరైనదని తేలుతుంది, ఆ తర్వాత అసలు డబ్బు.

మా మహిళా సంఘం మీటింగుకు ఒకసారి పోలీసమ్మాయి వచ్చి ఈ సంగతే చెప్పి ఉంది. ఆ ఐదుకు పది నిజంగానే వస్తాయట. నమ్మకం కుదిరాక పెద్ద అంకె ఉన్న కోడ్ పంపుతారు. పిన్ను కొట్టగానే మన డబ్బు పోతుంది. 'అయ్యో, పొరపాటు జరిగింది, తిరిగి పంపుతున్నాను, ఇంకోసారి కొట్టండి' అంటారు. ఇంకోసారి పోతుంది. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ను అవసరమే లేదని ఆ అమ్మాయి మా అందరి చేతా పైకి చెప్పించింది. నేను ఆ ఆఫీసరును అదే అడిగాను. "డబ్బు నాకు వస్తున్నప్పుడు నా పిన్ను ఎందుకు సార్?" వాడి గొంతు మారింది. దేశం కోసం ప్రాణాలిచ్చేవాళ్ళను అనుమానిస్తావా అని అరిచాడు. ఫోన్ పెట్టేస్తే వేరే నంబరు నుంచి చేశాడు, కేసు పెడతానన్నాడు. మా మేనమామ కొడుకు పదిహేనేళ్ళు సైన్యంలో పనిచేసి వచ్చాడు. ఆ యూనిఫాం వేసుకుని వీళ్ళు అడుక్కుతింటున్నారని వాడికి చెబితే కళ్ళు ఎర్రబడ్డాయి.

ఈ రకం మోసానికి హర్యానాలో నూహ్ జిల్లా, దాన్ని ఆనుకుని రాజస్థాన్‌లో భరత్‌పూర్, అల్వర్ వైపు ఉన్న మేవాత్ ప్రాంతం పెద్ద అడ్డా అని ఆ తర్వాత తెలిసింది. 2023 ఏప్రిల్‌లో హర్యానా పోలీసులు దాదాపు ఐదు వేల మందితో నూహ్‌లో పద్నాలుగు ఊళ్ళ మీద ఒకే రాత్రి దాడి చేశారు. డబ్బు 'అడిగే' రిక్వెస్టులను మనుషుల మధ్య వాడకుండా యూపీఐ నడిపే సంస్థ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది కూడా. మంచి పనే. కానీ క్యూఆర్ కోడ్ చూపించి పిన్ను కొట్టించేవాడికి అది అడ్డం కాదు.

ఆ మిలిటరీవాడి తర్వాత ఇంకొకడు ఫోన్ చేశాడు. బ్యాంకు పంపినట్టే ఉండే మెసేజ్ ఒకటి పంపాడు, నా ఖాతాలో నలభై వేలు పడ్డాయని. అడ్వాన్సు పంపబోతే సున్నా ఒకటి ఎక్కువ పడిందట, మిగతాది వెంటనే వెనక్కి పంపమన్నాడు. మెసేజ్ వచ్చింది బ్యాంకు పేరుతో కాదు, మామూలు పది అంకెల నంబరు నుంచి. వాడినీ వదిలించుకున్నాను.

మూడోవాడు తమిళంలో మాట్లాడాడు. సేలం యాస. హోసూరు దగ్గర కంపెనీ కుర్రాళ్ళ కోసం మెస్సు నడుపుతున్నానన్నాడు. అతను అడిగినవన్నీ కొనేవాళ్ళు అడిగే ప్రశ్నలే. రాళ్ళు ఎప్పుడు కొట్టించారు, బెల్టు మార్చి ఎన్నాళ్ళయింది, వోల్టేజి తక్కువగా ఉంటే మోటారు లాగుతుందా. వీడియో కాల్ చేసి మిషన్ నడిపి చూపించమన్నాడు. నానబెట్టిన బియ్యం పోసి తిప్పాను. అరిగిన పిన్ను దగ్గర పెట్టి చూపించమని, దాని కోసం రెండు వేలు తగ్గించమన్నాడు. బేరమాడుతున్నాడంటే నిజంగా కొనేవాడే అనిపించింది. ఇరవైరెండు వేలకు ఒప్పుకున్నాం. బిల్లు ఉందా అని అడిగితే పంపాను. నా పేరు మీద ఉన్న అసలు బిల్లు, దాని మీద మోటారు నంబరు.

బండి మర్నాడు సాయంత్రం వచ్చింది. ఇక్కడ మేమంతా కుట్టియానై అని పిలిచే చిన్న ట్రక్కు. డ్రైవరు ఈ చుట్టుపక్కలవాడే, ఫోన్లో బాడుగ మాట్లాడుకుని వచ్చాడు, కొన్నవాడి మొహం ఎరగడు. మిషన్ను దుకాణం మెట్ల మీదే ఆపించాను, డబ్బు పడనిదే కదలదన్నాను. కాసేపటికి నా దుకాణం సౌండ్ బాక్సు ఇరవైరెండు వేల రూపాయలు వచ్చాయని తమిళంలో అరిచింది. దాన్నీ నమ్మలేదు. తమ్ముడిని ఏటీఎంకు పంపి చీటీ తెప్పించాను. డబ్బు ఉంది. పంపినవాడి పేరు ఉత్తరాది పేరులా ఉంటే ఫోన్ చేసి అడిగాను. "మా మేనేజరు ఖాతా అక్కా, మెస్సు లెక్కలన్నీ ఆయనవే" అన్నాడు. హోసూరు కంపెనీల్లో ఉత్తరాదివాళ్ళు లేని చోటెక్కడ? డ్రైవరు, తమ్ముడు, నేను కలిసి మిషన్ ఎక్కించి తాళ్ళు బిగించాం. సెలవులకు వచ్చిన మా అమ్మాయి బండి మీదున్న గ్రైండరును ఫొటో తీసింది, ఇన్నాళ్ళూ మనకు అన్నం పెట్టింది కదమ్మా అని. బండి నంబరు అందులో పడింది. ఆ ఫొటో తర్వాత ఎంత పని చేసిందో చెప్తాను.

కొన్ని వారాలు ఏమీ లేదు. ఒకరోజు మినుముల వ్యాపారికి డబ్బు పంపబోతే వెళ్ళలేదు. నెట్ సరిగా లేదనుకున్నాను. ఆ సాయంత్రం పిండి కొన్నవాళ్ళ డబ్బు మాత్రం పడుతూనే ఉంది, సౌండ్ బాక్సు నలభై, ఎనభై అని చెబుతూనే ఉంది. లోపలికి రావడానికి దారి ఉంది, బయటికి పోవడానికి లేదు. దీన్ని డెబిట్ ఫ్రీజ్ అంటారని బ్యాంకుకు వెళ్తే తెలిసింది. కౌంటరులో ఉన్నాయన కంప్యూటర్ చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించి మేనేజరు గదికి వెళ్ళమన్నాడు. ఏళ్ళ తరబడి చిల్లర నాణేలు సంచుల్లో తెచ్చి అదే కౌంటరులో కట్టినదాన్ని. ఆయన గొంతు తగ్గించడం నాకిప్పటికీ మరపురావడం లేదు.

మేనేజరు ఒక కాగితం చూపించాడు, ఇంగ్లీషులో ఉంది. ఫిర్యాదు నంబరు, తేదీ, తెలంగాణ అనే మాట, నా ఖాతా నంబరు, ఇరవైరెండు వేలు, దాని పక్కన 'లేయర్ 3'. తెలంగాణలో ఎవరో పెద్దాయన దగ్గర మోసగాళ్ళు కొన్ని లక్షలు లాగారట. ఆ డబ్బు ఒక ఖాతాలో పడి, అక్కడి నుంచి ముక్కలై కొన్ని ఖాతాలకు, అక్కడి నుంచి మళ్ళీ ముక్కలై ఇంకొన్నింటికి పోయింది. మూడో వరసలో ఉన్న ఖాతాల్లో నాది ఒకటి. "మీకు వాళ్ళతో సంబంధం ఏమిటమ్మా?" అన్నాడు మేనేజరు. గ్రైండరు అమ్మానన్నాను. ఆయన నమ్మాడనే అనుకుంటున్నాను. కానీ నమ్మి చేయగలిగిందేమీ లేదన్నాడు, ఆ పోలీసులు రాస్తేనే తాళం తీస్తారట. ఖాతాలో ఉన్న మొత్తం, అంటే గ్రైండరు డబ్బు, పిండి డబ్బు, ఫీజుకని కూడబెట్టినది, మా ఆయన పంపినది, అంతా బిగిసిపోయింది. సంఘం అప్పు వాయిదా వెనక్కి పోయింది, దానికి బ్యాంకు జరిమానా వేసింది. నా డబ్బును నన్ను ముట్టుకోనివ్వకుండా ఆపింది ఎవరో, కట్టలేదని జరిమానా నాకు. క్యూఆర్ కోడ్ కాగితం గోడ మీద నుంచి చింపేశాను. చిల్లర లేదని వెనక్కి పోయిన గిరాకీలో కొంత మళ్ళీ రానేలేదు.

ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో నెమ్మదిగా అర్థం చేసుకున్నాను. మోసపోయినవాళ్ళు 1930కి ఫోన్ చేస్తారు, లేదా 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్లో రాస్తారు. ఆ క్షణం నుంచి డబ్బు ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకు పోయిందో వెతుక్కుంటూ వెళ్ళి ఎక్కడికక్కడ ఆపుతారు. ఫిర్యాదు ఎంత త్వరగా చేస్తే అంత డబ్బు దొరుకుతుంది. ఈ ఏర్పాటు ఉండాలి. నా ఖాతా ఆగి ఇబ్బంది పడ్డ రోజుల్లో కూడా ఇది వద్దని నేననుకోలేదు. మా అమ్మో నాన్నో ఆ పెద్దాయన స్థానంలో ఉంటే పోలీసులు ప్రపంచంలో ఉన్న ఖాతాలన్నీ ఆపాలనే కోరుకుంటాను.

దొంగలకూ ఈ సంగతి తెలుసు. డబ్బు ఖాతాల్లోనే ఉంటే పట్టుబడుతుంది. అందుకని దాన్ని వస్తువుగా మారుస్తారు. బంగారం కొంటారు, ఫోన్లు కొంటారు, నాలాంటివాళ్ళ దగ్గర మిషన్లు కొంటారు. ఆ వస్తువును ఇంకెక్కడో నగదుకు అమ్మేస్తారు. నగదుకు వరసలూ లేయర్లూ ఉండవు. పోలీసులు డబ్బు వెంట పరిగెత్తుకొస్తే చివరికి దొరికేది దొంగ కాదు, వస్తువు అమ్మినవాళ్ళు. బేరమాడినవాడు పిన్ను అరిగిందని రెండు వేలు తగ్గించమన్నది, ఇంకొకరికి అమ్మేటప్పుడు తన గిట్టుబాటు చూసుకునే.

ఇక్కడి సైబర్ పోలీసులు మర్యాదగానే మాట్లాడారు. ఫిర్యాదు తమది కాదు కాబట్టి తాళం తీయడం తమ చేతిలో లేదన్నారు. నా వైపు జరిగింది అర్జీగా తీసుకుని సీఎస్‌ఆర్ రసీదు ఇచ్చారు, ఆధారాలు ఏవేవి జమ చేయాలో వరసగా చెప్పారు. తెలంగాణ నంబరుకు ఫోన్ చేయడం మొదలుపెట్టాను. పొద్దున పిండి రుబ్బే వేళ, మధ్యాహ్నం, సాయంత్రం. మోగి మోగి ఆగిపోయేది. చివరికి ఒక లేడీ కానిస్టేబుల్ ఎత్తింది. "ఏడికెళ్ళి మాట్లాడుతున్నరమ్మా? తమిళనాడా? తెలుగు మంచిగ మాట్లాడుతున్నరు గద!" అంది. నాకు ఏడుపు ఆగలేదు. అన్ని రోజుల తర్వాత ఒక మనిషి నా మాట పూర్తిగా వింది. "ఆ ముసలాయనది పింఛను పైసలమ్మా," అంది. పోలీసులమని వీడియో కాల్లో బెదిరించి, గదిలోంచి కదలనీయకుండా కూర్చోబెట్టి లాగారట. డిజిటల్ అరెస్టు అని పేరు పెట్టి చేసే మోసం అది. 2024 అక్టోబర్‌లో ప్రధాని కూడా రేడియోలో దాని గురించి హెచ్చరించారు, అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని.

ఆ మాట విన్నాక ఆ రాత్రి నిద్ర లేదు. నా ఖాతాలో ఆగిన ఇరవైరెండు వేలు, ఆయన పింఛన్లో పోయిన ఇరవైరెండు వేలు ఒకటే. నేను నాదంటాను, ఆయన నాదంటాడు. ఇద్దరం నిజమే చెబుతున్నాం. ఆయన మొహం నేను చూడలేదు. నా గురించి ఆయనకు ఏం చెప్పారో తెలియదు. తన డబ్బు తీసుకున్న ముఠాలో ధర్మపురి ఆడమనిషి ఒకతి ఉందని అనుకుని ఉంటాడేమోనన్న ఆలోచన నన్ను చాలా కోసింది.

ఈ గొడవలోనే ఇంకో రకం దొంగలు తగిలారు. ఖాతా ఫ్రీజ్ గురించి తమ్ముడు ఫోన్లో ఏదో వెతికాడు, మర్నాటి నుంచి ఫోన్లు. 'మీ ఖాతా రెండు రోజుల్లో విడిపిస్తాం, పోలీసుల్లో మా మనుషులున్నారు, ముందు ఐదు వేలు పంపండి.' ఒకడైతే ఫిర్యాదు నంబరు, నా ఆధార్, పాస్‌బుక్ ఫొటో అడిగాడు. నీళ్ళలో మునుగుతున్నవాళ్ళ మెడలో గొలుసు లాక్కునే జాతి ఇది. ఖాతా ఆగినవాళ్ళు వీళ్ళకు పొరపాటున కూడా జవాబివ్వొద్దు. ఆ తాళం తీయగలిగింది ఫిర్యాదు తీసుకున్న పోలీసులు, లేదంటే కోర్టు.

తెలంగాణ పోలీసులు నన్ను స్వయంగా రమ్మన్నారు. తమ్ముడూ నేనూ బెంగళూరు వెళ్ళి, అక్కడి నుంచి రాత్రి బస్సెక్కాం. స్టేషన్ బయట బెంచీ మీద నాలాంటివాళ్ళే కూర్చుని ఉన్నారు. సెల్‌ఫోన్ దుకాణం కుర్రాడు ఒకడు, రెండు ఫోన్లు అమ్మాడట. పెట్రోలు బంకులో పనిచేసే అతను ఒకడు, ఎవరో స్కాన్ చేసి చేతికి నగదు ఇమ్మంటే యజమానిని అడిగి ఇచ్చాడట. ఎవరి ఒడిలో చూసినా ప్లాస్టిక్ కవరు, కవరు నిండా కాగితాలు. ఎవరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. ఒకరి మీద ఒకరికి ఎంతో కొంత అనుమానం ఉండే ఉంటుంది, వీళ్ళలో నిజంగా దొంగ ఎవరో అని.

ఎస్సై నా కవరు తీసుకుని ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు. గ్రైండరు అసలు బిల్లు. ప్రకటన స్క్రీన్‌షాట్. అతనితో చాటింగు మొత్తం, ఒక్క మెసేజ్ చెరపకుండా. కాల్ లిస్టు. ఏటీఎం చీటీ. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కాగితం, దుకాణం నిజంగా ఉందనడానికి. చివరగా మా అమ్మాయి తీసిన ఫొటో. ఆయన ఆ ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాడు. గ్రైండరు, తాళ్ళు, బండి నంబరు, వెనక మా దుకాణం బోర్డు. డబ్బు పడిన సమయం, ఫొటో సమయం పక్కపక్కన రాసుకున్నాడు. "వస్తువు పోయినట్టు ఇంత స్పష్టంగా ఎవరూ తేలేదమ్మా," అన్నాడు. నా అర్జీ నేనే తెలుగులో రాసుకెళ్ళాను. అవ్వ నేర్పిన అక్షరాలు, అక్కడక్కడ తప్పులున్నాయి. ఆయన దిద్దకుండానే తీసుకుని ముద్ర వేశాడు.

చట్టం గురించి ధర్మపురి కోర్టులో ఉండే వకీలమ్మ చెప్పింది. అనుమానమున్న ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు ఉంది, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 106వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 102. కానీ అలా చేసిన సంగతి వెంటనే మేజిస్ట్రేటుకు తెలపాలి. ఖాతా మొత్తం బిగించడం గురించి కేరళ హైకోర్టు 2023లో చెప్పింది, వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలని. మద్రాసు హైకోర్టు కూడా 2024లో, ఎంత డబ్బు మీద అనుమానమో చెప్పకుండా ఖాతానంతా ఆపడం కూడదంది. కోర్టులు చెప్పి అన్ని నెలలయ్యాక నా ఖాతాను అలాగే బిగించారు. ఇరవైరెండు వేలు ఆపండి, నేను అడ్డు చెప్పను. మా ఆయన లారీ జీతం ఎవరిని మోసం చేసింది? నలభై రూపాయల పిండి పొట్లం ఏ లేయరు? హైకోర్టుకు వెళ్ళగలిగినవాళ్ళకు వారాల్లో దొరికేది, వెళ్ళలేనివాళ్ళకు నెలలైనా దొరకడం లేదు. బ్యాంకులో కాగితం అందిన మొదటి రోజునే ఆ అంకె వరకే ఆపి మిగతాది వదలడానికి కంప్యూటరులో ఏం కష్టముంది? అసలు బాధ నాకక్కడే ఉంది. అమ్మాయి ఫీజు మా ఆడపడుచు గాజులు కుదువబెట్టి కట్టాం.

ఎస్సై రాసిన లేఖ బ్యాంకుకు చేరడానికి ఇంకొంత కాలం పట్టింది. ఒక లేఖ తప్పు శాఖకు పోయింది, మళ్ళీ రాయించాల్సి వచ్చింది. కడకు ఖాతా తెరుచుకుంది. ఇరవైరెండు వేల మీద మాత్రం లీన్ ఉంచారు, అంటే కనబడుతుంది, తీయలేను. గాజులు విడిపించాం. మినుముల వ్యాపారి ఒక్కరోజు కూడా గొంతు పెంచి అడగలేదు, ఆయనకు ముందు కట్టాను.

ఇప్పుడు పాత వస్తువేదైనా అమ్మితే నగదే తీసుకుంటాను. లేదంటే కొనేవాడు ఎదుట నిలబడి, తన పేరున్న సొంత ఖాతా నుంచి వేస్తేనే. పంపినవాడి పేరు వేరుగా ఉంటే వెనక్కి పంపమని బ్యాంకుకే రాసిస్తాను, నా చేత్తో ఎవరికీ తిరిగి వేయను. ఇంటి గోడకు క్యూఆర్ కాగితం మళ్ళీ అంటించాను, కానీ దుకాణం ఖాతా వేరు, ఇంటి ఖాతా వేరు చేసుకున్నాను. వీధిలో ఎవరు ఏం అమ్ముతున్నా వెళ్ళి ఈ మాటలు చెబుతున్నాను. వస్తువును, బండిని, వచ్చిన మనిషిని ఫొటో తీయమంటున్నాను. కొందరు చాదస్తం అనుకుంటున్నారు, అనుకోనీ.

ఆ తర్వాత తెలంగాణ నుంచి కానిస్టేబుల్ ఫోన్ చేసింది. ఆగిన డబ్బు తనకు ఇప్పించమని పెద్దాయన కోర్టులో అర్జీ పెట్టుకున్నాడట. సంహితలో 503వ సెక్షన్ కింద ఎవరికివ్వాలో మేజిస్ట్రేటు నిర్ణయిస్తారు, నాకేమైనా అభ్యంతరముంటే రాయమంది. రెండు రోజులు కలం పట్టుకోలేకపోయాను. మా ఆయన, 'మన కష్టం కూడా కష్టమే కదా' అన్నాడు. తమ్ముడు, 'ఆయన ముసలివాడు అక్కా' అన్నాడు. చివరికి ఇలా రాసి పంపాను. ఇది నేను వస్తువు ఇచ్చి పుచ్చుకున్న డబ్బు, వదులుకుంటున్నానని రాయలేను. ఆయన పోగొట్టుకున్న డబ్బు కూడా ఇదే, ఆయనకు ఇవ్వొద్దని రాయలేను. కోర్టు ఎలా చెబితే అలా. కానీ వస్తువు తీసుకున్నవాడు మా ఇద్దరిలో ఎవరూ కాదు, వాడిని వెతకండి.

దానికి కావలసినవన్నీ ఆ అర్జీకి జతచేశాను. మోటారు కింద చెక్కిన నంబరు. బండి నంబరు. కొన్నవాడు నాతో మాట్లాడిన రెండు ఫోన్ నంబర్లు. డ్రైవరును నేనే కలిసి అడిగి తెలుసుకున్న సంగతి: హోసూరు రాకముందే రోడ్డు పక్క ఒక కల్యాణ మంటపం దగ్గర ఆపమన్నారట, అక్కడ వేరే బండిలోకి మార్చుకున్నారట, బాడుగ నగదుగా ఇచ్చారట. అలా మార్చుకున్నవాళ్ళలో ఒకడిని మళ్ళీ చూస్తే గుర్తుపడతానని డ్రైవరు ఒప్పుకున్నాడు, సాక్ష్యం చెప్పడానికి వస్తానన్నాడు. అతని పేరు, నంబరు అతని అనుమతితోనే రాశాను. విచారణ వాయిదా పడింది. ఆ డ్రైవరుకు ఇంతవరకు ఏ స్టేషన్ నుంచీ ఫోన్ రాలేదు. మొన్న పిండి తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు కూడా అడిగాను.